నాణెము, నాణ్యము

నాణెము, నాణ్యము అనే రెండు మాటలు ఒకే వాక్యములో వచ్చినప్పుడు వాటిని హిందీలోనికి తేవడము నాకు ఎప్పుడూ కష్టమే. అక్కడ సిక్కా వేరు. దాని మంచిచెడ్డలు చెప్పడానికి ఖరా, ఖోటా అని వేరే మాటలు వెతుక్కోవలెను. మన భాషలో వస్తువు పేరులోనే దాని మేలిమి కూడా వినిపిస్తుంది. ఇన్నేళ్ళుగా ఆ సౌలభ్యమును మెచ్చుకొంటూ వచ్చిన నాకు, నాణెము ఒక త్రోవను, నాణ్యము ఒక త్రోవను పోవడము కంటబడినది కిందటి ఏడు, హైదరాబాదులో జరిగిన ఒక నాణెముల ప్రదర్శనలో.

అమ్మ పోయిన తరువాత ఆమె పూజాపెట్టెను మేము ముగ్గురమూ పంచుకొనవలసి వచ్చినది. అందులో వెండి చార్మినారు రూపాయి ఒకటి ఉన్నది. "దాని వెల ఎంతో ముందు తేలనీయండి. తరువాత ఎవరు తీసికొన్నా చిక్కు లేదు" అన్నాడు అన్నయ్య. న్యాయమైన మాటే. కాని అక్క మారుమాటాడక లేచి వంటింటిలోనికి వెళ్ళినది. మా ఇంట ఆ మౌనమునకు అర్థము అందరికీ తెలుసు. పంపకము అక్కడితో ఆగినది. రూపాయిని రుమాలులో కట్టుకొని నేను బయలుదేరినాను.

అది హిజ్రీ 1337 నాటిది, అనగా 1918-19. ఒక ప్రక్క చార్మినారు. దాని నడిమి ద్వారములో 'ఐన్' అనే అక్షరము, ఉస్మాన్ అలీ ఖాన్ పేరుకు మొదటిది. అంతకు ముందు మహబూబ్ అలీ ఖాన్ కాలములో అక్కడ 'మీమ్' ఉండేది. పైన 92 అనే అంకె. అక్షరములకు విలువ కట్టే పద్ధతిలో మహమ్మదు ప్రవక్త పేరులోని అక్షరములను కూడితే వచ్చే మొత్తమది. రెండవ ప్రక్క 'ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్' అని టంకశాల పేరు. అమ్మ దీనిని హాలీ అనేది. బ్రిటిషు రూపాయిని కల్దారు అనేది. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. ఎక్కాలకన్న ముందు మాకు వచ్చిన లెక్క అది.

పరీక్షకుల బల్ల హాలు చివర వేసినారు. నూరేండ్లు దాటిన నాణెము 1972 నాటి చట్టము ప్రకారము పురావస్తువు. సామాన్యులెవ్వరూ దానిని దేశము దాటించరాదు. కనుక పరీక్షకుడే నాణెము ఉన్నచోటికి రావలెను. ఆ ఏర్పాటు నాకు నచ్చినది.

దరఖాస్తులో 'మీరు ప్రకటించే విలువ' అని ఒక గడి ఉన్నది. కలము పట్టుకొని దాని ముందు చాలాసేపు నిలుచున్నాను. వెనుకవారు తొందరపెట్టినారు. చివరకు ప్రక్క అంగడి వ్యాపారి చెప్పిన అంకె వేసినాను. ఒక్కదానినే లోనికి పంపడము మనసొప్పక, అతని వద్దనే 1950 నాటి నికెలు రూపాయి ఒకటి కొని తోడుగా ఇచ్చినాను. సింహముల శిఖరము, రెండు గోధుమ కంకులు గలది. కాగితపు పొట్లములోనే పెరిగిన నాణెము. ఎవరి చేతిలోనూ పడి ఎరుగదు.

ఈ మార్కుల విధానము అమెరికాది. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన ఆ దేశపు పాత సెంటులకు 1 నుండి 70 వరకు మెట్లు కట్టినాడు. తరువాత, 1980ల నడుమ నుండి, నాణెమును ప్లాస్టిక్ పెట్టెలో మూసి పైన అంకె వేసే సంస్థలు పుట్టినవి. 60 మొదలు పైవన్నీ చలామణికి పోనివాటికి. అరిగినదానికి అంతకు తక్కువ. కాని అరుగుదల తప్పు కాదు, మెట్టు మాత్రమే. తప్పులు వేరే ఉన్నవి: గీకడము, రంధ్రము వేయడము, నగకు అతికించడము, తోమడము. అటువంటిదానికి మామూలుగా అంకె ఇవ్వరు. దోషము పేరు వ్రాస్తారు.

సాయంకాలము రెండూ తిరిగి వచ్చినవి. నికెలు రూపాయికి 64. చార్మినారుకు అంకె లేదు. చీటీ మీద 'క్లీన్‌డ్' అని ఉన్నది.

పరీక్షకుడు చిన్నవాడు, మర్యాదస్థుడు. పెట్టెను దీపము కింద వంచి చూపినాడు. తోమని వెండి మీద వెలుగు బండిచక్రపు ఆకులవలె తిరుగుతుంది. ఇక్కడ ఎక్కడిదక్కడ నిలిచిపోయినది. భూతద్దములో మీనారుల నడుమ వెంట్రుకలకన్న సన్నని గీతలు, అన్నీ ఒకే వాలుగా. "ఏదో పొడి వేసి గుడ్డతో రుద్దినారండీ. ఒక్కసారి కాదు" అన్నాడు.

ఆ పొడి విభూది. రుద్దినది నేను. దీపావళినాడు లక్ష్మీపూజకు ముందు కుందులు, పళ్ళెములు అక్క వంతు; రూపాయి నా వంతు. అమ్మ దానిని వెలుతురుకు పట్టి చూచి, "ఇంకా మెరవాలి" అని తిరిగి ఇచ్చేది. నేను మళ్ళీ కూర్చుండేవాణ్ణి. ఊరు విడిచి కళాశాలకు పోయేవరకు ఏటేటా ఇదే వరుస. మీనారుల శిఖరములు నునుపు తేలుతూ ఉంటే బాగా తోమినానని సంతోషించినాను.

పాత రూపాయల మీద షరాబులు కొట్టిన చిన్నచిన్న ముద్రలు కనబడతాయి. పరీక్షించి, మంచిదేనని వేసిన గురుతులవి. నాడు ఆ దెబ్బ నమ్మకము. నేడు చీటీలో అదీ దోషమే. ఐనను ఆ అబ్బాయి మీద నాకు కోపము రాలేదు. మూలమును మరీ మెరిపించిన అనువాదకులను నేనే ఎన్నో పీఠికలలో తప్పు పట్టినాను.

అన్నయ్యకు ఫోనులో చెప్పినాను: తోమినందువల్ల అంకె రాలేదని, వెల బాగా తగ్గుతుందని. ఎవరు తోమినారని ఆయన అడగలేదు. కొంతసేపు ఊరకుండి, "అయితే అక్కనే ఉంచుకోమను" అన్నాడు.

అక్క ఒకటే అడిగినది: "ఆ ప్లాస్టిక్ పెట్టె ఊడి వస్తుందిరా? దీపావళికి పూజలో పెట్టవలెను." పట్టకారుతో అంచు నొక్కితే పగులుతుందని, అంకె లేనిదానికి పోయేదేమీ లేదని వ్యాపారి చెప్పి ఉన్నాడు. అదే చెప్పినాను. ఈసారి విభూది మాత్రము పెట్టవద్దన్నాను, తడిగుడ్డ కూడా వద్దన్నాను.

"మరి దేనితో తోమను?" అన్నది అక్క.