నాలుగు చూరుల నీరు

నిరుడు ఆశ్వయుజంలో మా అబ్బాయి ఉద్యోగరీత్యా నివసిస్తున్న షాంఘై నగరానికి వెళ్ళాను. "మేడలు చూచింది చాలు నాన్నగారూ, పల్లెలు చూద్దాం రండి" అంటూ అతడు నన్ను అన్‌హుయ్ ప్రావిన్సులోని యీషియెన్ కౌంటీకి తీసుకొనిపోయాడు. అక్కడి షీదీ, హొంగ్‌త్సున్ అనే రెండు ప్రాచీన గ్రామాలు 2000వ సంవత్సరంలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

హొంగ్‌త్సున్ గ్రామాన్ని ఎద్దు ఆకారంలో నిర్మించారని చెబుతారు. వెనుకనున్న లైగాంగ్ గుట్ట శిరస్సు, ఇళ్ళు దేహం, వాకిళ్ళ ముందు పారే సన్నని కాలువలు ప్రేగులు, ఊరి నడుమ అర్ధచంద్రాకారపు కొలను జీర్ణాశయం. పూర్ణచంద్రుని వలె ఎందుకు త్రవ్వలేదంటే, నిండిన చంద్రునికి ఇక మిగిలేది తరుగుదలే కదా అని వారి సమాధానం. మింగ్ వంశకాలంలో, భర్త దూరాన కొలువులో ఉండగా, హూ చోంగ్ అనే ఇల్లాలు ఈ నీటి పనులు నడిపించిందని ఐతిహ్యం. దక్షిణాన ఉన్న సరస్సు ఒడ్డున 1814 నాటి విద్యాలయ భవనం ఉంది. దాని ఎదుట చిత్రకళా విద్యార్థులు బారులు తీరి కూర్చొని, తెల్లని గోడలను, నల్లని పెంకులను, నీటిలోని వాటి నీడలను గీస్తున్నారు.

1855లో ఒక ఉప్పు వర్తకుడు కట్టించిన 'చెంగ్‌జీ' భవనంలో అడుగుపెట్టగానే నా కాళ్ళు ఆగిపోయాయి. నడుమ ఆకాశానికి తెరచిన చదరం. నాలుగు వైపుల చూరుల నీరూ ఇంటిలోపలికే జారే ఏర్పాటు. వాన నీరు లోపలికి వస్తే సంపద బయటికి పోదని వారి నమ్మకం. అచ్చంగా మన మండువా లోగిలి!

ఆ ప్రాంతపు ఇళ్ళ సావడిలో బల్లపై మధ్యన గడియారం, ఒక ప్రక్క పూలకూజా, మరొక ప్రక్క అద్దం ఉంచుతారు. గడియారపు ధ్వని 'జోంగ్ షెంగ్', కూజా 'పింగ్', అద్దం 'జింగ్'. కలిపి పలికితే 'జీవితాంతం ప్రశాంతత' అనే అర్థం స్ఫురిస్తుందట. దశాబ్దాల తరబడి పిల్లలకు శ్లేషాలంకారం బోధించిన నేను, వస్తువులతో కట్టిన శ్లేషను అక్కడే మొదటిసారి చూచాను.

అయితే ఆ ప్రశాంతత ఎవరిది? అక్కడి మగపిల్లలు పదమూడు, పద్నాలుగేళ్ళకే వర్తకానికి ఇల్లు విడిచి పోయేవారట. ఏళ్ళ తరబడి ఆ గడియారపు గంటలు విన్నది వారి తల్లులు, భార్యలు.

నేను వర్తకుణ్ణి కాను, బదిలీల బడిపంతులును. మా ఆవిడ మాత్రం స్వగ్రామంలో అత్తమామలను చూచుకుంటూ మండువా ఇంటనే ఉండిపోయింది. ఆమె పోయిన రెండేళ్ళకు ఆ ఇల్లు అమ్మివేశాను. కొన్నవారు పడగొట్టి డాబా వేసుకున్నారు.

"అమ్మ వాన నీటికి గంగాళం ఎక్కడ పెట్టేదో గుర్తుందా నాన్నగారూ?" అని అబ్బాయి మెల్లగా అడిగాడు.

నాకు తెలియదు. వేసవి సెలవులకు ఇంటికి వచ్చి, బడులు తెరిచేనాటికి వెళ్ళిపోయేవాణ్ణి. వానలు ఆ తరువాత మొదలయ్యేవి. నా ఇంటి మండువాలో వాన పడటం నేను చూచినది బహు తక్కువ.

అబ్బాయి ఆ పరాయి ఇంటి ముంగిట ఈశాన్యపు మూలకు నడిచి, తడి రాతిమీద నిలబడి, "ఇక్కడ" అన్నాడు.