రాజుపాలెం ఎండకి తోలు జాకెట్టా, గుడ్డ జాకెట్టా?

పల్నాడులో బైక్ జాకెట్ కొనాలంటే మొదట అడ్డొచ్చేది ధర కాదు, పేరు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో జాకెట్ అంటే చీర మీదకి కుట్టించుకునేది. "మగపిల్లాడివి, నీకు జాకెట్టేందిరా?" అని మా పెద్దమ్మ ఒకటే నవ్వు. బండి మీద వేసుకునే కోటు అని చెప్పాక నవ్వు ఆపి అసలు ప్రశ్న వేసింది: "ఈ ఎండలో కోటేంది?"

సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే పెద్దమ్మ రిక్వైర్‌మెంట్ మొత్తం నాలుగు మాటల్లో చెప్పేసింది. ఇంటర్నెట్‌లో తోలు గొప్పదా, టెక్స్‌టైల్ గొప్పదా అని జరిగే వాదనల్లో ఎక్కువ భాగం చల్లటి దేశాల వాళ్లవి. ఆ లెక్కలు మన ఊళ్లో ఎంతవరకు పనికొస్తాయో చూద్దాం.

ముందు దారి గురించి

మ్యాప్‌లో రాజుపాలెం అని కొడితే చాలా ఊళ్లు వస్తాయి. కడప జిల్లాలో ఆ పేరుతో ఒక మండలమే ఉంది. నేను చెప్పేది పల్నాడు జిల్లా రాజుపాలెం. 2022లో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఇదంతా గుంటూరు జిల్లానే.

హైదరాబాద్ నుంచి బండి మీద వెళ్తే రెండొందల పైచిలుకు కిలోమీటర్లు. విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దాకా వెళ్లి కుడివైపు తిరగాలి. నల్గొండ, మిర్యాలగూడ దాటాక వాడపల్లి వస్తుంది, అక్కడ మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. వంతెన దాటితే పొందుగుల, అంటే ఆంధ్రాలోకి వచ్చేసినట్టే. తర్వాత దాచేపల్లి, సున్నం బట్టీల పిడుగురాళ్ల. కొండమోడు దగ్గర రోడ్డు చీలుతుంది. ఒకటి నరసరావుపేట మీదుగా అద్దంకి వైపు, ఇంకోటి సత్తెనపల్లి మీదుగా గుంటూరు వైపు. మన ఊరు ఈ రెండో దారిలో.

తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే నల్గొండ దాకా హాయిగా ఉంటుంది. కృష్ణ దాటేసరికి ఎండ చురుక్కుమంటుంది. ఎండాకాలం వార్తల్లో ఉష్ణోగ్రతల పట్టికలో పైన కనిపించే రెంటచింతల కూడా ఈ జిల్లాదే. దానికి తోడు సున్నం లారీలు, సిమెంట్ లారీలు, సీజన్‌లో గుంటూరు యార్డుకి పోయే మిరప టిక్కీల లారీలు. వాటి వెనకాల బండి నడిపితే హెల్మెట్ అద్దం మూసినా కారం ఘాటు ముక్కులోకి ఎక్కుతుంది.

నలభై స్పీడులో పడితే

నాకు ఈ జాకెట్ల గోల మా బావ వల్ల మొదలైంది. ఊళ్లో ఉంటూ రోజూ సత్తెనపల్లి వెళ్లొస్తాడు. పోయిన ఏడాది ఒక వంపులో కంకర మీద టైరు జారింది. స్పీడు నలభై కూడా లేదు. హెల్మెట్ ఉంది కాబట్టి తలకి ఏం కాలేదు. కానీ మోచెయ్యి నుంచి భుజం దాకా తోలు లేచిపోయింది. అది మిరపకోతల టైమ్. నెలన్నర పాటు కల్లంలోకి అడుగు పెట్టలేకపోయాడు. పచ్చి పుండు మీద చెమట, కారం పడితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పొలం మీద పెట్టుబడి అంతా ఆ నెలన్నరలోనే చేతికి రావాలి మరి.

తర్వాత నేను కూర్చుని లెక్కేశాను. తారు రోడ్డు మీద మనిషి జారేటప్పుడు ఘర్షణ గుణకం 0.6 అనుకుంటే, గంటకి 40 కిలోమీటర్ల వేగంలో పడినవాడు పది మీటర్లు ఈడ్చుకుపోతాడు. 80లో అయితే నలభై మీటర్లు. స్పీడు రెట్టింపైతే దూరం నాలుగింతలు. మామూలు చొక్కా ఆ దూరంలో మొదటి అడుగుల్లోనే చిరిగిపోతుంది. మిగతా దూరమంతా రోడ్డుకి మన చర్మమే రాసుకుంటుంది. తోలు మనదా, పశువుదా అన్నదే అసలు చాయిస్.

తోలు సంగతి

రాపిడికి తట్టుకోవడంలో మంచి తోలుకి ఇప్పటికీ గట్టి పేరే ఉంది. రేసర్లు దాన్ని వదలకపోవడానికి కారణం అదే. అయితే తోలంటే అన్నీ ఒకటి కాదు. రైడింగ్‌కి వాడేది సాధారణంగా 1.2 మిల్లీమీటర్ల మందం ఉండే ఆవుతోలు. మాల్‌లో హీరో లుక్ కోసం అమ్మే పల్చటి గొర్రెతోలు జాకెట్ ఫొటోలకే పనికొస్తుంది, రోడ్డు మీద రాపిడికి ఆగదు.

తోలు నాణ్యత వెనక పెద్ద సైన్సే ఉంది. ఆ సైన్స్‌లో ప్రపంచానికి తెలిసిన పేరు మన పక్కవాళ్లదే. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు చెన్నైలోని కేంద్రీయ తోళ్ల పరిశోధనా సంస్థని డైరెక్టర్‌గా నడిపించారు. 1985లో కనిష్క విమాన ప్రమాదంలో చనిపోయారు. తోలు పనివాళ్ల దగ్గరికి ల్యాబ్‌ని తీసుకెళ్లిన మనిషి ఆయన.

ఇక మన వాతావరణంలో తోలు జాకెట్ కష్టాలు. బరువు ఎక్కువ. గాలి ఆడదు. చెమట పట్టిన తోలుని ఆరబెట్టి నూనె పట్టించకపోతే గట్టిపడి పగుళ్లొస్తాయి. వానాకాలంలో బీరువాలో వదిలేస్తే బూజు పడుతుంది. డిసెంబర్ పొద్దున మంచులో మాత్రం దానంత సుఖం ఇంకోటి లేదు. కానీ పల్నాడులో ఆ సుఖం ఏడాదికి ఎన్ని రోజులు?

గుడ్డ సంగతి

టెక్స్‌టైల్ అంటే నైలాన్ లేదా పాలిస్టర్. కార్డురా అని వినే ఉంటారు, అది గట్టి నైలాన్ గుడ్డకి ఎక్కువగా వినిపించే బ్రాండ్ పేరు. మెష్ అంటే గాలి ఆడేలా చిల్లులున్న గుడ్డ. బరువు తక్కువ, ఉతుక్కోవచ్చు, చాలావాటికి లోపల వాన లైనర్ కూడా వస్తుంది.

లోపం కూడా ఉంది. జారేటప్పుడు పుట్టే వేడికి ఈ నూలు కరుగుతుంది. ఒకసారి గట్టిగా పడితే జాకెట్ పని అయిపోయినట్టే. అందుకే మొత్తం మెష్ ఉన్నది కాకుండా, భుజాలు, మోచేతుల దగ్గర మందపాటి గుడ్డ ఉండి, ఛాతీ, వీపు దగ్గర మాత్రమే మెష్ ఉన్నది చూసుకోవాలి.

35 దాటితే లెక్క మారుతుంది

మెష్ వేసుకుంటే చల్లగా ఉంటుందని అందరూ అంటారు. అది సగమే నిజం. మన చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటే వేడిగా ఉంటే, ఒంటికి తగిలే గాలి వేడిని తీసుకుపోదు, తెచ్చి పెడుతుంది. అప్పుడు ఒంటిని చల్లబరిచేది చెమట ఆరడం ఒక్కటే. 43 డిగ్రీల్లో చొక్కా గుండీలు విప్పి బండి నడిపేవాడికి చెమట పట్టినట్టే తెలీదు, అంత తొందరగా ఆరిపోతుంది. ఒంట్లో నీళ్లు మాత్రం అయిపోతుంటాయి.

దీనికి మందు సింపుల్. లోపల కాటన్ టీషర్ట్ తడిపి, పిండి వేసుకోండి. దాని మీద మెష్ జాకెట్. కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇది. టీషర్ట్ ఆరిపోగానే బండి ఆపి మళ్లీ తడుపుకోవాలి, నీళ్లు తాగాలి. గాలి ఆడని తోలు కింద ఈ ఉపాయం పెద్దగా పనిచేయదు.

లేబుల్ చదవండి

మన చట్టం బండి నడిపేవాళ్లని అడిగేది హెల్మెట్ ఒక్కటే, జాకెట్ మన ఇష్టం. కాబట్టి లేబుల్ మనమే చదువుకోవాలి. యూరప్ ప్రమాణం ఈఎన్ 17092లో ఏఏఏ అన్నిటికంటే పైది, తర్వాత ఏఏ, ఆ తర్వాత ఏ. చాలా మెష్ జాకెట్లు ఏ దగ్గర ఆగుతాయి. భుజం, మోచేతి ప్యాడ్లకి వేరే ప్రమాణం ఉంది, ఈఎన్ 1621. అందులో లెవెల్ 1 ప్యాడ్ దెబ్బని సగటున 35 కిలోన్యూటన్ల లోపుకి తగ్గించాలి, లెవెల్ 2 అయితే 20 లోపుకి. వీపు దగ్గర ఉత్త స్పాంజి ముక్క పెట్టి అమ్మేవి ఉంటాయి, జిప్ తీసి చూడండి.

రేటు ఎక్కువైతే రక్షణ ఎక్కువ అని కూడా అనుకోవద్దు. 2011లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో ప్రమాదానికి గురైన 212 మంది రైడర్లని పరిశీలించారు. రైడింగ్ దుస్తులు వేసుకున్నవాళ్లకి గాయాలు తగ్గాయి. కానీ సుమారు 30 శాతం జాకెట్లు ప్రమాదంలో చిరిగో, కుట్లు ఊడో విఫలమయ్యాయి. 2018 నుంచి అక్కడ మోటోక్యాప్ పేరుతో జాకెట్లని కొని, పరీక్షించి, రక్షణకి ఒక రేటింగ్, వేడిలో సౌకర్యానికి ఇంకో రేటింగ్ ఇస్తున్నారు. ఈ రెండో రేటింగే మనకి ముఖ్యం. ఉక్కపోసే మనిషికి చిరాకు వస్తుంది, చూపు రోడ్డు మీద నిలవదు.

చివరికి ఏం కొన్నాం

బావకి తోలు జాకెట్ మీదే మనసు. ట్రయల్ రూమ్ అద్దంలో నిజంగానే బాగున్నాడు. "రోజూ మధ్యాహ్నం రెండింటికి ఇది వేసుకుని సత్తెనపల్లి నుంచి వస్తావా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి తనే తీసి హ్యాంగర్‌కి తగిలించాడు. భుజాలకి మందపాటి గుడ్డ, లెవెల్ 2 ప్యాడ్లు ఉన్న మెష్ తీసుకున్నాం. రంగు తెల్ల బూడిద, ఎండ తక్కువ పీలుస్తుంది, చీకట్లో లారీవాడికి కనిపిస్తుంది.

ఏఏఏ తోలు జాకెట్ ఇంట్లో కొక్కేనికి వేలాడుతుంటే దాని రక్షణ సున్నా. ఏ గ్రేడ్ మెష్ ఒంటి మీద ఉంటే దాని విలువ దానికుంది. మీది చల్లటి ఊరైనా, ట్రాక్ మీద వేగంగా తిప్పేవాళ్లైనా తోలు కొనుక్కోండి, తప్పు లేదు. మన పల్నాడు రోడ్లకైతే మే నెల మధ్యాహ్నం కూడా విప్పబుద్ధి కాని జాకెట్ ఏదో అదే మంచి జాకెట్. షాపులో ఏసీ కింద కాదు, బయట ఎండలోకి వచ్చి పది నిమిషాలు నిలబడి తేల్చుకోండి.