భార్యకు సున్నా, భర్తకు డిడక్టిబుల్

అమెరికాలోని తెలుగిళ్లలో ఇన్సూరెన్సు కంపెనీ కవరును ఎవరూ సరదాగా విప్పరు. లోపలి కాగితం మీద ‘ఇది బిల్లు కాదు’ అని రాసి ఉంటుంది. ఆ మాట చదివాకే అసలు కంగారు మొదలవుతుంది. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఉంటున్న ఓ గుంటూరు అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి, అలాంటి కాగితమే పట్టుకుని ఒక శనివారం ఈ కాలమ్ రాసేవిడ ఇంటికి వచ్చింది. ఆమె కాపర్-టీ వేయించుకుంది. ఆ పరికరం ఖరీదు ఇక్కడ వెయ్యి డాలర్ల పైమాటే. దానికీ, వేసినందుకూ ఆమె కట్టాల్సింది సున్నా అని ఉంది. వేసేముందు చేసిన గర్భ పరీక్షకు మాత్రం నలభై డాలర్ల చిల్లర వేశారు.

“అంతా ఫ్రీ అన్నారు కదక్కా, మరి ఇదేంటి?”

ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. 2010లో ఒబామా సంతకం చేసిన ఆరోగ్య చట్టం కింద, 2012 ఆగస్టు నుంచి గర్భనిరోధక సాధనాలు స్త్రీల ‘నివారణ సేవల’ జాబితాలోకి వచ్చాయి. మాత్రలు, ఇంజెక్షన్లు, కాపర్-టీ లాంటి లూపులు, చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్లు, ట్యూబెక్టమీ... ఒక్కో రకంలో కనీసం ఒకటైనా ఇన్సూరెన్సు ప్లాన్లు మన దగ్గర డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి. 2022 జులైలో ప్రభుత్వం ఇంకో స్పష్టత ఇచ్చింది: లూప్ వేసేముందు చేసే గర్భ పరీక్ష, ట్యూబెక్టమీకి ఇచ్చే మత్తు కూడా ఆ సేవలో భాగమే, వాటికీ వేరే డబ్బు తీసుకోకూడదు.

మరి బిల్లు ఎందుకొచ్చింది? కోడ్ వల్ల. అమెరికా వైద్యంలో రోగి ఎందుకు వచ్చిందో ఒక అంకె చెబుతుంది. లూప్ వేయించుకోవడానికి వచ్చిందంటే జెడ్30.430. డాక్టరాఫీసు వాళ్లు లూప్‌కు ఆ కోడే వేశారు గానీ, పరీక్షను నెలసరి తప్పినందుకు చేసినట్టుగా వేరే కోడ్‌తో పంపారు. ఇన్సూరెన్సు కంప్యూటరుకు అది నివారణ కాదు, రోగ నిర్ధారణ. అంటే ముందు జేబులోంచి తీయాల్సిందే. బిల్లింగ్ చూసే ఆవిడకు ఫోన్ చేసి, సరైన కోడ్‌తో మళ్లీ పంపమని అడిగితే కొన్ని వారాలకు ఆ వరుస కూడా సున్నా అయింది. ఇలా ఫోన్ చేయొచ్చని తెలియక నోరు మూసుకుని కట్టేసేవాళ్లే ఎక్కువని ఈ కాలమ్ రాసేవిడ అనుమానం. గంటసేపు హోల్డ్‌లో ఉండే ఓపిక కూడా అందరికీ ఉండదు.

నిజానికి డబ్బు కంటే ఆ అమ్మాయిని ఇబ్బంది పెట్టింది కవరు మీద ఉన్న పేరు. ఆమెది హెచ్-4 (డిపెండెంట్) వీసా, ఇన్సూరెన్సు భర్త కంపెనీది. కాబట్టి కాగితం ఆయన పేరు మీదే వచ్చింది. వాళ్లింట్లో దాపరికాలు లేవు గనుక సరిపోయింది. ఊరి నుంచి వచ్చిన అత్తగారే రోజూ పోస్టు డబ్బా తెరిచి కవర్లు తెచ్చే ఇళ్లు కూడా ఉన్నాయి. ఇలాంటి ‘సున్నితమైన సేవల’ ఉత్తరాలు సేవ పొందిన మనిషి పేరునే పంపాలని కాలిఫోర్నియాలో 2022 జులై నుంచి చట్టం ఉంది. అయినా ఇక్కడ భర్త పేరెందుకు వచ్చిందంటే, ఆ ప్లాన్ సెల్ఫ్-ఫండెడ్. వైద్యం ఖర్చు కంపెనీయే తన డబ్బుతో భరిస్తుంది. కార్డు మీద పేరున్న ఇన్సూరెన్సు సంస్థ లెక్కలు మాత్రమే చూస్తుంది. అలాంటి ప్లాన్లు రాష్ట్రాల ఇన్సూరెన్సు చట్టాలకు లోబడవు, ఫెడరల్ చట్టానికే లోబడతాయి. మనవాళ్లు పనిచేసే పెద్ద కంపెనీల్లో చాలావాటివి ఈ కోవ ప్లాన్లే.

ఫెడరల్ చట్టానికీ చిల్లులున్నాయి. 2014లో హాబీ లాబీ కేసులో సుప్రీంకోర్టు 5-4తో, మత విశ్వాసం కారణంగా కొద్దిమంది చేతుల్లో ఉన్న కంపెనీలు కొన్ని సాధనాలకు డబ్బు కట్టనక్కర్లేదంది. 2020లో 7-2తో ఆ మినహాయింపును ఇంకా విస్తరించిన నిబంధనలను సమర్థించింది. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయిలకు కొనే విజిటర్ పాలసీలకు, షార్ట్‌టర్మ్ ప్లాన్లకు ఉచితంగా ఇవ్వాలన్న నియమమే వర్తించదు.

అయితే ఆ కాగితం వెనక ఇంకో కథ ఉంది. అసలు ఆపరేషన్ చేయించుకుంటానన్నది భర్త. రెండు కాన్పులూ సిజేరియన్లే, ఇక నీకెందుకు అన్నాడు. తీరా ప్లాన్ పత్రం తెరిస్తే, వాసెక్టమీ డిడక్టిబుల్ దాటాకే అని ఉంది. అంటే ఏడాదిలో మొదటి కొన్ని వేల డాలర్లు సొంతంగా కట్టుకున్నాకే ఇన్సూరెన్సు చెయ్యి వేస్తుంది. చట్టం రాసింది ‘స్త్రీల’ నివారణ సేవలకు కదా, మగవాళ్ల ఆపరేషన్ అందులో లేదు. పొట్ట కోసి, మత్తిచ్చి చేసే వేల డాలర్ల ట్యూబెక్టమీ ఉచితం. తిమ్మిరి ఇంజెక్షన్‌తో అరగంటలో అయిపోయే వాసెక్టమీకి జేబులోంచి తీయాలి. లెక్క చూసుకుని ఆమే వెళ్లి కాపర్-టీ వేయించుకుంది.

వాళ్లది హెల్త్ సేవింగ్స్ అకౌంట్ జతచేసిన హై డిడక్టిబుల్ ప్లాన్. దానితో ఇంకో మెలిక. వాసెక్టమీ నివారణ వైద్యం కాదని, డిడక్టిబుల్‌కు ముందే దానికి చెల్లించే ప్లాన్‌లో ఉన్నవారు ఆ పన్నులేని ఖాతాలో డబ్బు వేసుకోవడానికి అర్హులు కారని పన్నుల శాఖ 2018లో తేల్చింది. కాలిఫోర్నియా 2024 జనవరి నుంచి వాసెక్టమీనీ ఉచితం చేసిన మాట నిజమే. అది ఈయన సెల్ఫ్-ఫండెడ్ ప్లాన్ గడప దాటి లోపలికి రాదు.

ఇది అమెరికా పోకడే అనుకుంటే పొరపాటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో నూటికి దాదాపు 70 మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. భర్త చేయించుకున్నవి నూటికి ఒకటి కూడా లేవు. అక్కడ సర్కారు దవాఖానాలో ఇద్దరికీ ఉచితమే. అయినా బల్ల ఎక్కేది ఆడమనిషే. ఇక్కడ ఒక మగాడు నేనెక్కుతానంటే ఇన్సూరెన్సు వద్దంది.

అమెరికాలో మాత్రల సంగతీ చెప్పాలి. ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికే ఓపిల్‌కు 2023 జులైలో అనుమతి వచ్చింది, మరుసటి మార్చి నుంచి అంగళ్లలో ఉంది. నెలకు 19.99 డాలర్లు. చీటీ లేకుండా కొన్న మాత్రలకూ ప్లాన్లే డబ్బు కట్టాలని 2024 అక్టోబరులో ఫెడరల్ ప్రభుత్వం ముసాయిదా తెచ్చి, 2025 జనవరిలో వెనక్కి తీసుకుంది. మన ఊళ్ల సర్కారు దవాఖానాలో మాలా-ఎన్ మాత్రలు ఊరికే అందుకున్న అమ్మలకు ఈ ధర చెబితే నమ్మరు.

నవంబరులో ప్లాన్ ఎంచుకునే ఎన్‌రోల్‌మెంట్‌కు ముందు ఆ భర్త తన హెచ్‌ఆర్‌కు మూడు ప్రశ్నలు రాసి పంపాడు. ప్లాన్ సెల్ఫ్-ఫండెడేనని, ఉత్తరాలు భార్య పేరునే రావాలంటే ఆమె వెబ్‌సైట్‌లో వేరే ఖాతా తెరిచి కోరుకోవాలని జవాబు వచ్చింది. హై డిడక్టిబుల్ ప్లాన్లు డిడక్టిబుల్‌తో పనిలేకుండా కండోమ్‌లకు చెల్లించవచ్చని పన్నుల శాఖ 2024 అక్టోబరులో ఒప్పుకుంది కదా, మన కంపెనీ అది అమలు చేస్తోందా అన్నది మూడో ప్రశ్న. దానికి జవాబు ఇంకా రాలేదు.