మేనల్లుడి ఆటగాళ్ళు

బేస్ బాల్ ఆటను మేము ఏనాడూ మైదానంలో చూచి యెరుగము. మా బళ్లారిలో ఏ ఖాళీ స్థలం కనబడినా పిల్లలు మూడు కర్రలు పాతి క్రికెట్ ఆడతారు. అట్టి మేము 2024 మార్చిలో ఒక ఆదివారం తెల్లవారుజామున అయిదున్నరకు, ఆలుమగలం కాఫీ గ్లాసులు ముందు పెట్టుకుని, అమెరికా ఆటగాళ్ళలో ఎవడు మేలు, ఎవడు కాడు అని తీర్పులు చెబుతూ కూర్చున్నామంటే చదువరులు నవ్వుకొనవచ్చును. దానికి కారకుడు మా మేనల్లుడు.

తండ్రి పోయిన తరువాత వాడు మా యింటనే పెరిగాడు. ఇప్పుడు అమెరికాలో ఉద్యోగం. వాడి ఆఫీసులో పన్నెండుమంది చేరి యేటా ఒక పందెం ఆడుకుంటారు. నిజమైన ఆటగాళ్ళను వంతులవారీగా యెన్నుకుని, ఎవరికివారు ఒక ఊహాజట్టు కట్టుకుంటారు. ఒకరు తీసుకున్నవాణ్ణి మరొకరు తీసుకోరాదు. ఆ యేడంతా ఆ ఆటగాళ్ళు మైదానంలో సంపాదించినదే వీరి జమ. 1980లో డానియెల్ ఓక్రెంట్ అనే రచయిత, ఆయన స్నేహితులు ఈ పద్ధతి మొదలుపెట్టారు. న్యూయార్కులో వారు కలుసుకునే భోజనశాల పేరుమీదనే దీనికి రోటిసరీ అని పేరు వచ్చింది.

అంతకుముందు యేడు మావాడు పన్నెండుమందిలో పన్నెండవవాడు. "మామయ్యా, లెక్కలు మీకు అలవాటు. బంతి కొట్టేవాళ్ళ జాబితా మీరు వేసివ్వండి" అన్నాడు. పద్దులు సరిచూచి సరిచూచి తల నెరసినవాళ్ళం గదా, సరేనన్నాము.

కొట్టేవాడికి అయిదు పద్దులు: సగటు, హోంరన్లు, తాను చేసిన పరుగులు, తన దెబ్బతో చేయించిన పరుగులు, దొంగిలించిన బేసులు. ఒక్కొక్క పద్దులో మొదట నిలిచిన జట్టుకు 12 మార్కులు, చివరి జట్టుకు 1.

క్రికెట్ గాలి పీల్చిన మాకు సగటు తప్ప మరొకటి కంటికి ఆనలేదు. అసలు బేస్ బాల్ లెక్కలకు ఆద్యుడనదగిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో క్రికెట్ వార్తలు వ్రాసినవాడే. 2023లో లూయీస్ అరాయెస్ 574 అవకాశాలలో 203 మార్లు సరైన దెబ్బ కొట్టాడు. అంటే వెయ్యికి 354. కొట్టలేక వట్టిగా తిరిగిపోయినది ఆ యేడంతా 34 సార్లే. అదే సంవత్సరం కైల్ ష్వార్బర్ 585 అవకాశాలలో 115 దెబ్బలే కొట్టాడు. వెయ్యికి 197. వట్టిగా తిరిగిపోయినది 215 సార్లు! ఇట్టివాడు మా వీధి జట్టులో ఉంటే రెండవనాడే బంతులు ఏరుకురమ్మని పంపేవాళ్ళం.

వంతు వచ్చినప్పుడు మావాడు, "ష్వార్బర్ని తీసుకుందామా మామయ్యా?" అన్నాడు. "అరాయెస్" అన్నాము. క్షణం ఆగి, "సరే మామయ్యా" అన్నాడు. ఆ క్షణాన్ని మేము పట్టించుకోలేదు.

ఆ యేడు అరాయెస్ మాట నిలబెట్టాడు. సగటు 314తో మళ్ళీ తన లీగులో మొదటివాడైనాడు. కాని హోంరన్లు నాలుగు. ష్వార్బర్ 38 హోంరన్లు కొట్టి, 110 పరుగులు చేసి, 104 చేయించాడు. మా జట్టుకు సగటులో 12 మార్కులు వచ్చాయి. హోంరన్లలో 2. మొత్తంమీద తొమ్మిదవ స్థానం.

సీజను ముగిసిన తరువాత మావాడే మాకు పాఠం చెప్పాడు. 2023 అంకెలే మళ్ళీ తీయించాడు. ష్వార్బర్ 126 మార్లు చెడ్డ బంతులు వదిలేసి, కొట్టకుండానే మొదటి బేసుకు నడిచాడు. ఆ నడక సగటులోకి రాదు. కాని నడిచి వెళ్ళినవాడు పరుగు తీసి రావచ్చును గదా! ఆ యేడు అతడివి 108 పరుగులు, అరాయెస్‌వి 71. హోంరన్లు 47కు 10. చేయించిన పరుగులు 104కు 69. ఒక పద్దులో కొండంత లాభానికి ఆశపడి మూడు పద్దులలో నష్టం తెచ్చుకున్నాము. ఇంకొక సంగతి కూడా చెప్పాడు. ఏ ఆటగాడి విలువైనా వాడి అంకెలో లేదట. వాడి స్థానంలో ఎవరికీ అక్కరలేక మిగిలిపోయేవాడికంటే వాడు ఎంత ఎక్కువ అన్న తేడాలో ఉన్నదట. మంచి దెబ్బ కొట్టే క్యాచర్లు తక్కువ, ఔట్‌ఫీల్డర్లు ఎక్కువ. కాబట్టి ఇరవై హోంరన్లు కొట్టే క్యాచరు, అన్నే కొట్టే ఔట్‌ఫీల్డరు ఒక ధర కారు. ఊరు కూడా చూడాలట. డెన్వరు మైలు ఎత్తున ఉన్నది. అక్కడి పలుచని గాలిలో బంతి దూరం పోతుంది గనుక ఆ జట్టువాళ్ళ అంకెలను కొంత తగ్గించుకుని చదవాలట.

"ఇన్ని తెలిసినవాడివి, ఆనాడే చెప్పకపోయావా?" అన్నాము.

"మీరు చెప్పాక ఇంకేముంది మామయ్యా" అని నవ్వి, "నా తొంభై యెనిమిది కూడా అంతే కదా" అన్నాడు.

ఫోను పెట్టేసిన తరువాత చాలాసేపు మేమిద్దరం మాట్లాడుకోలేదు. పదవ తరగతిలో వాడికి లెక్కల్లో 98 వచ్చాయి. ఆ రోజుల్లో వాడు సెలవు దొరికితే హంపీ బస్సెక్కేవాడు. ఏ మంటపం ఏ రాయలనాటిదో చెబుతూ అన్నం చల్లారిపోయేదాకా కూర్చునేవాడు. చరిత్ర చదువుతానన్నాడు. మేము ఆ ఒక్క అంకె చూచి ఇంజనీరింగులో వేశాము. అప్పుడూ క్షణం ఆగి "సరే మామయ్యా" అన్నాడు. ఈనాడు వాడికి ఏ లోటూ లేదు. మేము చేసింది తప్పని వాడూ అనలేదు. కాని మిగిలిన పద్దులు మేము తెరిచి చూడలేదన్నది నిజం.

2025లో మళ్ళీ జాబితా అడిగాడు. అయిదు పద్దులూ, స్థానమూ, ఊరూ, తేడా, అన్నీ గళ్ళు గీసి పంపాము. పేర్ల ప్రక్కన వరుస అంకెలు మాత్రం వేయలేదు. "ఎవరిని తీసుకోమంటారు?" అన్నాడు. "నీ యిష్టం నాయనా" అన్నది మా యింటావిడ, మేము నోరు తెరవకముందే. వాడు ష్వార్బర్ని తీసుకున్నాడు. ఆ యేడు అతడు 56 హోంరన్లు కొట్టాడు. మావాడు మూడవ స్థానంలో నిలిచాడు.

ఆ ఫలితం చెప్పడానికి ఫోను చేసినవాడు ఆట మాట రెండు నిమిషాల్లో ముగించి, హంపీకి ఇప్పుడు బస్సులు ఏయే వేళలకు ఉన్నాయో కనుక్కోమన్నాడు. మరునాడే బస్టాండుకు వెళ్ళి వ్రాసుకుని వచ్చాము.