లార్డ్స్‌బర్గ్ గాలి, క్వార్ట్‌జ్‌సైట్ షాకులు

డాలస్‌లో బయల్దేరి ఇంటర్‌స్టేట్ 20 మీద పడమటికి ఎంత నడిపినా టెక్సాస్ ఓ పట్టాన తెగదు. మాది 2003 నాటి మోటర్‌హోమ్. ఫోర్డ్ ఎఫ్-53 చాసిస్, వి-10 ఇంజను. డ్రైవరు సీటు దాదాపు ముందు ఇరుసు మీదే కాబట్టి రోడ్డు సంగతులన్నీ ముందుగా నడుముకే తెలుస్తాయి. వాన్ హార్న్ దాటాక వంతెన అతుకు వచ్చిన ప్రతిసారీ, ఒక్క ఊపుతో సర్దుకోవాల్సిన బండి లేచిపడి, మళ్లీ లేచిపడి, అరల్లో స్టీలు గిన్నెల్ని మోగించేది. మా ఆవిడ ఆవకాయ జాడీని తువ్వాలులో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంది.

"ఏమండీ, గొయ్యి దాటి ఇంత దూరం వచ్చాం కదా, ఇంకా ఊగుతోందేంటి?" అంది. జబ్బు లక్షణం ఇంతకంటే బాగా మెకానిక్కు కూడా చెప్పలేడు.

న్యూమెక్సికోలో లార్డ్స్‌బర్గ్ దగ్గర ఎండిన చెరువు మైదానం ఒకటుంది. దుమ్ము లేస్తే దారి కనపడదని వరసగా హెచ్చరిక బోర్డులు. ఆ రోజు దుమ్ము లేదు గానీ పక్కగాలి గట్టిగా ఉంది. పెద్ద ట్రక్కు మమ్మల్ని దాటుతున్నప్పుడు మొదట పక్కకు తోసి, తర్వాత తనవైపు లాక్కునేది. స్టీరింగ్ పట్టుకున్న చేతులు లాగేశాయి.

ఎగురుడు వేరు, తూలుడు వేరు. పైకీ కిందికీ ఎగరడం ఆపాల్సింది షాకులు, అంటే షాక్ అబ్జార్బర్లు. పక్కకు తూలడంలో టైర్ల గాలికి, బరువు ఎక్కడ పడిందన్నదానికి, బండి పక్కకు ఒరగకుండా పట్టే యాంటీ-స్వే బార్‌కి ఎక్కువ వాటా. షాకులు మారిస్తే రెండూ పోతాయని అమ్మేవాళ్లు చెబుతారు, అంతా నమ్మక్కర్లేదు. ఒక ట్రక్ స్టాప్‌లో బండిని కాటా ఎక్కించి ఏ ఇరుసు మీద ఎంత బరువుందో చూసుకుని, టైరు కంపెనీ పట్టిక ప్రకారం గాలి సరిచేశాం. తూలుడు కొంత తగ్గింది. ఎగురుడు మాత్రం అలాగే ఉంది.

షాకులు మార్పిద్దామంటే దారిలో ఒక గ్యారేజీ తలుపు మా బండి ఎత్తుకు చాల్లేదు. ఇంకోచోట వచ్చే నెల రమ్మన్నారు. షాకులు ముందే కొని డిక్కీలో వేసుకున్నాం కాబట్టి అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ దాకా నెమ్మదిగా పోనిచ్చాం. చలికాలంలో ఉత్తరాది రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి పెద్దవాళ్లు ఇలాంటి బండ్లేసుకుని ఇక్కడి ఎడారిలో దిగుతారు. వాళ్ల వెనకే తిరిగే మెకానిక్కులూ వస్తారు. ఊళ్లో హాజీ అలీ సమాధి చూడదగ్గది. 1850ల్లో అమెరికా సైన్యం ఒంటెల కోసం తెప్పించుకున్న ఒంటెలవాడు ఆయన. రాళ్ల పిరమిడ్, దానిపైన లోహపు ఒంటె. ఊగే బండ్ల వాళ్లకు తగిన క్షేత్రమే!

మాకు దొరికిన మెకానిక్కు రిటైరయిన పెద్దాయన. రాత్రే బోల్టులకు తుప్పు వదలగొట్టే నూనె కొట్టి వెళ్లాడు. పొద్దున్నే వచ్చి చక్రాలకు అటూ ఇటూ చెక్కదిమ్మలు పెట్టాడు. బండిని పైకి లేపలేదు. బరువు మోసేవి కమాన్ కట్టలు. షాకు పని వాటి ఊగుడుని అణచడమే కాబట్టి చక్రాలు నేలమీద ఉండగానే విప్పొచ్చు. వెనక కుడి పక్క పై బోల్టు మాత్రం లొంగలేదు. పానాకు పైపు తొడిగి లాగినా కదల్లేదు. చివరికి గ్రైండర్‌తో కోశాడు. నిప్పురవ్వలు, కాలిన రబ్బరు బుష్షు వాసన.

విప్పిన షాకును నా చేతికిచ్చి "నొక్కి చూడు" అన్నాడు. లోపలి నూనె సన్నని రంధ్రాల గుండా దూరాలంటే చేతికి బిగువు తెలియాలి. ఇది మొదట కొంచెం పట్టి, మధ్యలో ఏ పట్టూ లేకుండా సర్రున జారిపోయింది. ఒంటినిండా నూనె కారి, దానిమీద దుమ్ము పేరుకుని సైకిల్ చైనులా ఉంది. కొత్తవి పసుపుపచ్చ బిల్‌స్టీన్లు. లోపల నత్రజని ఒత్తిడి మీద ఉంటుంది. వేడెక్కిన నూనె నురగ కట్టకుండా ఆపేది అదే. షాకును నొక్కి కట్టిన పట్టీ కోయగానే రాడ్ తనంతట తనే బయటికి వచ్చింది. బండి బరువు చక్రాల మీద ఉండగానే చివరి బిగింపు బిగించాడు. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే బుష్షు మెలిపడి తొందరగా చిరుగుతుందట.

ఇంటర్‌స్టేట్ 10 మీద కొలరాడో నది దాకా వెళ్లొచ్చాం. అతుకు దగ్గర ఒక్కసారి కుంగి, లేచి, నిలబడింది. గిన్నెలు గప్‌చుప్. "ఇక జాడీ పైన పెట్టొచ్చు" అంది మా ఆవిడ.

పక్కగాలికి ఇంకా కొంచెం తూలుతోంది. పాత ఎఫ్-53 ఉన్నవాళ్లు ముందు కాటాకెళ్లి టైర్ల గాలి సరిచూసుకోండి. యాంటీ-స్వే బార్ చివర రెండేసి రంధ్రాలుంటే లింకును లోపలి రంధ్రానికి మార్చి చూడండి, దానికి ఖర్చేమీ లేదు. అప్పటికీ ఎగురుతుంటే నాలుగు షాకులూ ఒకేసారి మార్చండి. బండిని సమం చేసే హైడ్రాలిక్ జాకీలను నమ్మి మాత్రం ఎవరూ దాని కింద దూరొద్దు.