ఆనంద్ జబ్బు

‘ఆనంద్’ చూసి కంట తడి పెట్టనివాడుంటే నాకు చూపించండి! 1971లో హృషీకేశ్ ముఖర్జీ తీసిన ఆ సినిమాని చిన్నప్పుడు మా పెదనాన్నగారింట్లో వి.సి.ఆర్.లో చూసి రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. రాజేష్ ఖన్నాకి అందులో వచ్చిన జబ్బు పేరు లింఫోసార్కోమా. పేగులో పుడుతుంది. పేరు భలే స్టైలుగా ఉందే అనుకున్నాను కూడా. బుద్ధి లేక!

2022 ఎండాకాలం. తణుకులో మా అక్క కొడుకు చంటిగాడు కడుపునొప్పి అన్నాడు. వాడికి ఏడేళ్ళు. నులిపురుగులన్నారు, మందు పోయించారు. పది రోజుల్లో కడుపు కుండలా ఉబ్బింది. పరుగున హైదరాబాదు తీసుకెళ్ళాం. స్కానింగు, ముక్క తీసి పరీక్ష అయ్యాక డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి “బర్కిట్ లింఫోమా” అన్నారు.

“ఆనంద్‌కి వచ్చిందేనా అండీ?” అని నోరు జారాను.

ఆవిడ నవ్వలేదు. “ఆ కుటుంబంలోదే. లింఫోసార్కోమా అన్నది పాత పేరు. కానీ అది 1971 సినిమా బాబూ. ఇప్పుడు ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది బతుకుతున్నారు. మందు మాత్రం ఇవాళే మొదలెట్టాలి” అన్నారు.

తొందరెందుకంటే, ఈ కణాలు దాదాపు ఒక్క రోజులోనే రెట్టింపవుతాయిట. ఇక అక్కకి చెప్పాలి. ‘ప్రేమాభిషేకం’ పదిసార్లు చూసిన మనిషి. క్యాన్సరంటే ఆవిడకి తెలిసిన క్లైమాక్స్ ఒక్కటే. వరండాలో మూడుసార్లు అటూ ఇటూ తిరిగి, చివరికి బావతో చెప్పించాను. ఆ పిరికితనం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సినిమాల్లో చూపించని సంగతొకటి చెబుతాను. మొదటి వారం భయం జబ్బుతో కాదు, మందుతో. మందు తగలగానే కణాలు కుప్పలుగా చచ్చి, వాటిలోని పొటాషియం, యూరిక్ యాసిడ్ రక్తంలోకి దిగుతాయి. మూత్రపిండాలు తట్టుకోలేకపోతే ప్రాణానికే ముప్పు. అందుకే రాత్రింబవళ్ళు సెలైన్. నా డ్యూటీ ఏమిటో తెలుసా? గీతలున్న ప్లాస్టిక్ మగ్గు పట్టుకుని వాడి మూత్రం కొలిచి కాగితం మీద రాయడం! రెండో రాత్రి మూడు గంటలైనా మగ్గు నిండలేదు. నర్సమ్మ పరుగెత్తింది, ఇంకో ఇంజెక్షన్ పడింది. తెల్లారుజామున వాడు “మావయ్యా, వస్తోంది” అన్నాడు. ఏ హీరో ఎంట్రీకీ నేనంతలా చప్పట్లు కొట్టలేదండీ.

బర్కిట్ అంటే ఓ ఐరిష్ సర్జన్ పేరు. 1957లో ఉగాండాలో, కంపాలా ములాగో ఆస్పత్రిలో దవడలు వాచిన పిల్లవాణ్ణి చూసి ఈ జబ్బు వెంట పడ్డాడు. 1961లో ఇద్దరు మిత్రులతో పాత స్టేషన్ వేగన్‌లో ఆఫ్రికాలో పదివేల మైళ్ళు తిరిగి ఎక్కడెక్కడ ఉందో పటం గీశాడు. ఎవరైనా సినిమా తీస్తే బాగుణ్ణు!

మందుల్లో రెండు మనకి చుట్టాలే. విన్‌క్రిస్టిన్ మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరులోంచి వచ్చింది. పసుపురంగు మెథోట్రెక్సేట్ అమెరికాలో లెడర్లీ కంపెనీలో తయారైంది. అక్కడి పరిశోధన నడిపించినవాడు మా భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. ఈ మాట చెబితే అక్క ఆ సీసాకి దణ్ణం పెట్టింది. వీటికి తోడు రిటుక్సిమాబ్ అనే కొత్త మందూ ఎక్కించారు. జబ్బు ముదిరిన పిల్లల్లో దీన్ని చేర్చితే, మూడేళ్ళ దాకా జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు నూటికి 82 నుంచి 94కి పెరిగారని 2020లో తేలింది.

జుట్టంతా రాలింది. వాడేం బెంగపడలేదు. ‘శివాజీ’లో రజనీకాంత్ గుండులా ఉందని వేలితో టకటకా కొట్టుకుని చూపించేవాడు. నోరంతా పుళ్ళు పడి నీళ్ళు కూడా మింగలేని రోజుల్లో మాత్రం ఆ వేషాలు లేవు. గోడవైపు తిరిగి పడుకునేవాడు.

దసరా నాటికి మందులైపోయాయి. ఇది తిరగబెడితే చాలావరకు మొదటి ఏడాదిలోనేట. ఆ ఏడాదీ గడిచింది.

మొన్న సెలవులకొచ్చాడు. ధైర్యం చేసి ‘ఆనంద్’ పెట్టాను. సగంలో ఆపేసి అడిగాడు:

“మావయ్యా, ఈయనకి పసుపు మందు ఎక్కించలేదా?”

1971కి ఆ మందు ఉంది మరి. “కథలో లేదురా” అన్నాను.

“అయితే కథ తప్పు” అని వాడు ఛానెల్ మార్చేశాడు.