ఉల్లేఖకుల ముఖాలు

పిల్లలు బొమ్మల పుస్తకాలకు అలవాటుపడి అసలు పుస్తకాలను ముట్టడం లేదని, వీటిని ఇంట్లో ఉంచవచ్చునా అని తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. ప్రాణుల చిత్రాల విషయంలో ధర్మవేత్తల మధ్యనున్న అభిప్రాయభేదాలు పాఠకులకు తెలిసినవే. ప్రవక్తలనూ, సహాబాలనూ చిత్రించడం సమ్మతం కాదన్నదీ తెలిసినదే. ఆ చర్చను ఇక్కడ తిరిగి ఎత్తుకోబోము. చరిత్రను బొమ్మలతో చెప్పినప్పుడు దానిని ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే మా ప్రశ్న. ఏళ్ళ తరబడి హదీసు పాఠం చెప్పిన మాకు ఇంతకంటే దగ్గరి ప్రశ్న మరొకటి లేదు.

మా తరం వారికి బొమ్మల చరిత్ర అంటే అమర్ చిత్ర కథలే. 1967లో అనంత్ పాయ్ ప్రారంభించిన ఆ వరుసలో బాబరు, అక్బరు, రజియా సుల్తానా కూడా ఉన్నారు. సెలవుల్లో మామూజాన్ గారింట్లో వాటిని ఆత్రంగా చదివాము. వాటి ఉపకారాన్ని తక్కువ చేయలేము. అయితే ఆ పుటల్లో చక్రవర్తి ఏకాంతంలో మాట్లాడతాడు, నిట్టూరుస్తాడు. ఆ మాట విన్నవారెవరు? మనకు చేరవేసినవారెవరు? చదివే పిల్లవానికి ఆ సందేహమే రాదు, కళ్ళతో చూసేశాడు కనుక. మన తెలుగులో 'వచ్చాడు' అనడానికీ 'వచ్చాడట' అనడానికీ ఎంతో తేడా ఉంది. ఆ ఒక్క 'అట'తో చెప్పేవాడు తన బాధ్యతకు హద్దు గీసుకుంటాడు. బొమ్మలో ఆ 'అట'కు చోటు లేదని మేము అనుకునేవాళ్ళము.

మా వద్ద చదివి, తరువాత కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యం అభ్యసించిన ఒక శిష్యుడు కొన్నేళ్ళ క్రితం రమజాను సెలవుల్లో ఒక పెద్ద పుస్తకం తెచ్చాడు. మాల్టాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన జో సాకో అనే పాత్రికేయుడు రాసి, గీసిన 'ఫుట్‌నోట్స్ ఇన్ గాజా'. 2009లో వెలువడింది. పేరుకు గాజా పాదసూచికలు అని అర్థం. మా ఇంగ్లీషు అంతంతమాత్రం కనుక అస్ర్ తరువాత అతడు మాటలు చదివి చెప్పేవాడు, మేము బొమ్మలు చూసేవాళ్ళము. శిబిరాల బురద సందులు, టీ గ్లాసులు, వృద్ధుల నుదుటి ముడతలు మాకు ఎవరూ అనువదించి చెప్పనక్కరలేకపోయింది.

1956లో సూయెజ్ యుద్ధ సమయాన, అప్పటివరకు ఈజిప్టు పాలనలో ఉన్న గాజాను ఇజ్రాయెల్ సైన్యం ఆక్రమించింది. నవంబరు 3న ఖాన్ యూనిస్‌లో, 12న రఫాలో పెద్ద సంఖ్యలో పౌరులు హతులయ్యారు. ఐక్యరాజ్యసమితి నివేదికలో మొదటి చోట 275, రెండవ చోట 111 అనే అంకెలున్నాయి. ఖాన్ యూనిస్‌లో ప్రతిఘటన ఎదురైందన్న ఇజ్రాయెల్ అధికారుల వాదననూ, అది అప్పటికే ఆగిపోయిందన్న శరణార్థుల మాటనూ ఆ నివేదిక నమోదు చేసింది. ఆ తరువాత ప్రపంచం ఆ సంగతిని మరచిపోయింది. దాదాపు అర్ధ శతాబ్దం గడిచాక సాకో అక్కడికి వెళ్ళి, బ్రతికి ఉన్న సాక్షుల ఇళ్ళు వెతుక్కుంటూ తిరిగాడు. ఇవాళ మా ఇళ్ళు కూలుతుంటే నీకు 1956 ఎందుకని అక్కడి యువకులే అడిగారు. ఆ ప్రశ్ననూ పుస్తకంలో దాచలేదు.

మమ్మల్ని ఆపివేసింది అతడి పద్ధతి. సంఘటనను గీసేముందు దానిని చెప్పిన మనిషి ముఖాన్ని గీస్తాడు, పేరు రాస్తాడు. ఆ పక్కనే అదే మనిషి యౌవనంలో పరుగెడుతూ కనిపిస్తాడు. తన్నుతాను కూడా ఆ గదిలోనే, పుస్తకం పట్టుకుని ప్రశ్నలు వేస్తున్నవాడిగా గీసుకుంటాడు. ఎవరి నోటి నుండి ఎవరి చెవికి వచ్చిందో పాఠకుడు చూస్తూనే ఉంటాడు. దీనిని సనద్ అనక మరేమనాలి? 'అట'ను అతడు బొమ్మలోనే పెట్టగలిగాడు.

రఫాలో మగవారందరినీ ఒక పాఠశాలకు తరిమారు. ద్వారం వద్ద సైనికులు కర్రలతో తలలపై కొట్టారని సాక్షులు ఒకరి తరువాత ఒకరు చెబుతారు. వారి మాటలు చాలావరకు కలుస్తాయి, కొన్ని వివరాలు కలవవు. వచనం రాసేవాడైతే ద్వారం ఏ దిక్కున ఉందో చెప్పకుండా దాటిపోవచ్చు. గీసేవానికి ఆ వెసులుబాటు లేదు. గోడ ఎంత ఎత్తు, ఎవరు ఎక్కడ నిలబడ్డారు అన్నది అడిగి తెలుసుకోక తప్పదు.

ఖాన్ యూనిస్ వృద్ధుడొకాయన తన సోదరులు చనిపోయేటప్పుడు అక్కడే ఉన్నానని అంటాడు. మిగతా వారి కథనాల్లో ఆయన కనిపించడు. సాకో ఆయనను అబద్ధీకునిగా నిలబెట్టలేదు, ఆ మాటను తీసివేయనూ లేదు. కథనాలన్నీ పక్కపక్కన పెట్టాడు. ఒకే ఘటనకు వేర్వేరు ఉల్లేఖనాలను వరుసగా పొందుపరిచిన ఇమామ్ తబరీ మాకు గుర్తుకు వచ్చారు. కూఫాకు చెందిన అతా బిన్ సాయిబ్ సంగతి కూడా. చివరి వయసులో ఆయన జ్ఞాపకశక్తి తడబడింది. హదీసువేత్తలు ఆయనను త్రోసిపుచ్చలేదు. ముందు విన్నవారెవరు, తరువాత విన్నవారెవరు అని వేరుచేసి చూశారు. మరపు వేరు, అబద్ధం వేరు.

పోలికను మరీ సాగదీయరాదు. సాకో ముహద్దిసు కాడు. అతడి సాక్షుల ప్రవర్తన, విశ్వసనీయత పరీక్షించడానికి రిజాల్ గ్రంథాల వంటివి లేవు. శవాల బొమ్మలు, మొరటు మాటలు ఉన్నందున చిన్నపిల్లల చేతికి ఇవ్వదగిన పుస్తకమూ కాదు. పై తరగతి విద్యార్థులకు మాత్రం కొన్ని పుటలు చూపించి, ఉల్లేఖకులను లెక్కపెట్టమన్నాము. అంతకు ముందు అక్బరు కథ చూపించి అదే పని చేయమంటే ఒక్కరినీ పట్టుకోలేకపోయారు.

ఆ పాఠం మా వాకిటికే వచ్చింది. 1948 సెప్టెంబరు నాటి పోలీసు చర్య గురించి మా పెద్దలు తక్కువ మాట్లాడేవారు. నెహ్రూ గారు పంపిన సుందర్‌లాల్ బృందం ఆ తరువాత జరిగిన హింసలో 27 వేల నుండి 40 వేల మంది వరకు మరణించి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. అంతకు ముందు రజాకార్లు సాగించిన దౌర్జన్యాలకూ సాక్షులున్నారు, వారి ఇళ్ళలోనూ ఈ మౌనమే ఉన్నది. రెండు వైపులా ఆనాటి పిల్లలు ఇప్పుడు ఎనభై దాటినవారు.

జహీరాబాదు ప్రాంతపు విద్యార్థి ఒకడు సెలవుల్లో తన నానీ వద్ద కూర్చున్నాడు. జహీరాబాదు అప్పట్లో బీదరు జిల్లాలోనిదే. నానీకి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఇల్లు విడిచిన రాత్రి పొరుగింటి రెడ్డి గారి కొట్టంలో దాగామని ఆమె చెప్పింది. ఆమె తమ్ముడు మాత్రం కొట్టం కాదు, ఎండిన దిగుడుబావి అంటాడు. పిల్లవాడు మనుషుల బొమ్మలు వేయలేదు. ఒక పుటలో కొట్టం, ఎదురు పుటలో మెట్లబావి గీసి, ఏది ఎవరు చెప్పారో కింద రాసుకొచ్చాడు. రెడ్డి గారి కుమారుడు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారట. బక్రీదు సెలవుల్లో వెళ్ళి ఆయననూ అడుగుతానన్నాడు. మధ్యలో ఒక పుట ఖాళీగా వదిలాడు.